బొంతలో నడిమి జాగా

బీదర్,
11-12-2024, బుధవారం.

చి.ల.సౌ. అక్షరకు,

మీ అత్త సుమిత్రాబాయి దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, నీ క్షేమం తెలుపగలవు అని మా బడిపంతులు నేర్పినట్టే మొదలుపెట్టాను. అందులో సగమే నిజం. మీ మామయ్య క్షేమమే, గాంధీ గంజ్‌కు కొత్త కందులు రావడం మొదలైందంటే ఆయనకు ఇంకేమీ పట్టదు. నీ మొగుడు యోగేందర్ కొల్హార్ ఫ్యాక్టరీలో డ్యూటీ చేసి వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. నా సంగతి కింద రాస్తాను. మీ అక్కనూ బావనూ అడిగానని చెప్పు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నవ్వితే సంతోషమే. నేను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా నేను రెండు మాటలు మెల్లగా మాట్లాడి మూడో మాటకు అరుస్తాను, నా గొంతు నీకు తెలియనిది కాదు. కాగితం మీద అరవడం నాకు రాదు. జహీరాబాద్ బడిలో చదివిన తెలుగు ఇది, ఈ ఇంటికి వచ్చాక పప్పు డబ్బాల మీద పేర్లు తప్ప ఏమీ రాయలేదు. తప్పులుంటే దిద్దుకుని చదువు.

నీ బొంత శనివారం నాడు తిరిగి వచ్చింది. పార్సిల్ మీద మన ఇంటి అడ్రసే రాశావు కదా, బెంగుళూరు వాళ్లు ఇక్కడికే పంపారు. దాన్ని ఏం చేశానో చెప్పే ముందు, అది ఇంటి నుంచి పోయిన రోజు నా వైపు నుంచి ఏం జరిగిందో చెప్పాలి. నువ్వు వినలేదు. వినే స్థితిలో లేవనుకో, కాని వినలేదు.

బెంగుళూరు ఎగ్జిబిషన్‌కు నీ బొంత ఎంపికైందని తెలిసినప్పుడు మన సందులో అందరికంటే ఎక్కువ ఎగిరింది నేనే. నీ ముందు ఎగరలేదు, అంతే. బొంతను గోడకు వేలాడదీస్తే ఇంట్లో ఏం కప్పుకుంటారని మొదట్లో నిన్ను ఆటపట్టించిన మాట నిజం. సందులో వాళ్లు కూడా ఏం అక్కా, బొంతలకు గూడ పరీక్షలు పెడ్తరా అని నవ్వారు. పెడ్తరు, ముగ్గురు పెద్దోళ్లు కూసొని దేశం మొత్తం నుంచి వచ్చిన ఫోటోలు సూసి ఏరుతరు, మా కోడలిది ఏరిన్రు, నీకేమన్న బాధనా అని జవాబిచ్చి వచ్చాను. మీ మామయ్య దుకాణంలో హమాలీలకు కూడా పేడాలు పంచాడు. అది నీకు చెప్పవద్దన్నాడు, ఇప్పుడు చెప్పేశాను.

ఎగరకుండా ఎట్లా ఉంటాను? ఆ కుట్టు నా కుట్టు. నువ్వు హైదరాబాద్‌లో బట్టల డిజైన్ చదివి వచ్చిన పిల్లవు, సూది పట్టుకోవడం నీకు నేను నేర్పాలా అనుకున్నాను. తీరా చూస్తే కుట్టు తాగినవాడి నడకలా పోయేది. చలికాలం మధ్యాహ్నాలు మేడ మీద ఎండలో నేనూ మన సందులో రాచమ్మా నీ పక్కన కూర్చుని విప్పించి, కుట్టించి, మళ్లీ విప్పించాం. నువ్వు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నా పాత ఇల్కల్ చీరలు, మీ మామయ్య ధోవతులు, దుకాణంలోని కందుల సంచి మీద ఎర్ర అక్షరాలున్న ముక్క, అన్నీ అడిగి తీసుకున్నావు. సంచి ముక్క ఎందుకే గుచ్చుకుంటది అంటే, గుచ్చుకోవాలె అత్తమ్మా అన్నావు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

మన బొంత ఎట్లా కుడతారో నీకు చెప్పనక్కరలేదు. అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తాం. చివరికి నడుమ అరచేయంత జాగా మిగులుతుంది. అందులో ఒక పూర్ణం పోలె ముక్కో, బెల్లం రొట్టె ముక్కో పెట్టి, పైన మంచి గుడ్డ వేసి మూసేస్తాం. బొంతకూ కడుపుంటుంది, దాన్ని ఉపవాసం ఉంచి ఎవరికీ కప్పకూడదని మా అత్తగారు చెప్పేది. ఆమెకు వాళ్ల అత్తగారు చెప్పింది. నేను నీకు చెప్పాను. నువ్వు తల ఊపావు కూడా.

కొరియర్ అతను వచ్చే రోజు నువ్వు బడిలో డ్రాయింగ్ చెప్పడానికి పోతూ, మూట తయారుగా ఉంది, ఇచ్చేయండి చాలు అని చెప్పి వెళ్లావు. ఇచ్చేస్తే ఏ గొడవా లేకపోయేది. ఇంటి నుంచి ఒక వస్తువు అంత దూరం పోతూ ఉంటే కుంకుమ బొట్టయినా పెట్టకుండా ఎట్లా పంపుతాం? అందుకే విప్పాను. రాచమ్మ కూడా అప్పుడే వచ్చింది. ఇద్దరం మంచం మీద పరిచి చూశాం. ఎంత అందంగా ఉందో నీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను చెబుతున్నాను. చూస్తూ చూస్తూ నడిమికి వచ్చేసరికి జాగా అట్లాగే ఉంది. చుట్టూ అన్ని రంగులు, నడుమ నల్లగుడ్డ పరిచిన గుంట, మూత లేదు. రాచమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఏందక్కా, గిట్ల ఉపాసం బొంతను గడప దాటిస్తరా, పిల్ల మర్శిపోయినట్టుంది అంది.

నేనూ అదే అనుకున్నాను. కొత్త చెయ్యి, తొందర, చివరి పని మరిచిపోయింది అనుకున్నాను. ముందు రోజు చేసిన పోలెలు డబ్బాలో ఉన్నాయి, ఒక ముక్క తెంపి పెట్టాను. నీ దారం రంగుకు దారం వెతికాను, నీ కుట్టు పొడవుకు నా కుట్టు పొడవు కలిపాను. మూసి, చెయ్యి పెట్టి తడిమి చూస్తే ఎక్కడా తేడా తెలియలేదు. సాయంత్రం నువ్వు వచ్చాక చెబుదామనుకున్నాను. మళ్లీ, ఎందుకులే, అక్కడ గోడ మీద చూసుకుని అత్తమ్మ కాపాడిందని తనే అనుకుంటుంది అని ఊరుకున్నాను. అంత గర్వం నాకు.

తర్వాతది నీకు తెలుసు. ఆ ఎగ్జిబిషన్ పనులు చూసే షైనీ అనే ఆమె ఫోన్ చేసింది. ఆమె ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు కాని నీ మొహం అర్థమైంది. పార్సిల్ విప్పితే నడుమ చీమలు పట్టి ఉన్నాయట. పక్క బొంతలకు పాకకుండా నీ బొంతను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టారట. ఆ మాట యోగేందర్ తెలుగులో చెప్పినప్పుడు నేను ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాను, చలికి కప్పుకునే దాన్ని మంచులో పెట్టుడేంది, వాళ్లకు దిమాక్ ఉన్నదా అని. యోగేందర్‌కు నవ్వు వచ్చింది. నీకు రాలేదు. ఫోటోలో ఉన్నదొకటి, వచ్చింది ఇంకొకటి, ఇంకొకరి చెయ్యి పడిన పనిని మీ పేరుతో పెట్టలేం, ఫోటోలో ఉన్నట్టు చేసి గడువులోగా పంపండి, లేకపోతే మీ చోట ఇంకొకరిని పిలుస్తాం అన్నారని నువ్వే చెప్పావు.

ఆ తర్వాత నన్ను ఒక మాట అన్నావు. అత్తమ్మా, మీరు ఈ ఇంట్లో ఏదీ ఖాళీగ ఉండనియ్యరు, అన్నావు. నేను నీకు తగిన జవాబే చెప్పాను, నా జవాబు ఇక్కడ మళ్లీ రాయను. మర్నాడు నువ్వు బ్యాగు సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కావు. బస్టాండ్ దాకా యోగేందర్ వచ్చాడు. నేను వంటింట్లోనే ఉండిపోయాను. రావాల్సింది.

బొంత వచ్చిన రోజు యోగేందర్ కత్తెర తీసుకుని కూర్చున్నాడు. అమ్మా, రెండు నిమిషాల పని, కోసి పంపుదాం, అక్షర పేరు నిలబడుతది అన్నాడు. నేను కత్తెర లాక్కున్నాను. శనివారం ఇనుము పెట్టొద్దన్నాను. ఆదివారం అడిగితే నా కళ్లకు సరిగా కనిపించడం లేదన్నాను. నువ్వు సూడకు, నేను కోస్త అన్నాడు. అప్పుడు ఇంక ఏమీ తోచక బొంతను నా మంచం మీద పరిచి దాని మీద కూర్చున్నాను. ఈ వయసులో నా కొడుకు నన్ను మంచం మీది నుంచి లేపలేక చేతులెత్తేశాడు. మీ మామయ్య దుకాణం నుంచి వచ్చి చూసి, సుమిత్రా, గంజ్‌ల రోజుకు ఎన్ని సంచులు ఇప్పుతం, ఎన్ని కుడ్తం, కుట్టు ఇప్పితే ఎవడన్న సచ్చిండా అన్నాడు.

సోమవారం రోజు యోగేందర్ షిఫ్టు నుంచి వచ్చి వంటింటి గడపలో కూర్చున్నాడు. అమ్మా, ఇది ఇను, ఇన్నంక నీ ఇష్టం అని ఫోన్‌లో చదివాడు. ఎగ్జిబిషన్ పుస్తకంలో బొంత పక్కన వేయడానికి నువ్వు రాసి ఇచ్చింది. వాడు ఒక్కో ముక్క తెలుగు చేసి చెప్పాడు. ఇది మా అత్తగారింటి కుట్టు. మా అత్తమ్మ నేర్పింది. చివర్లో నడుమ జాగాలో తినేది పెట్టి మూయడం వాళ్ల రివాజు. నేను మూయలేదు. ఆ జాగా పుట్టకుండా పోయిన నా బిడ్డది.

పెనం మీద రొట్టె మాడింది. యోగేందర్ లేచి స్టవ్ ఆపాడు. వాడి కళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి, ఈ ఇంట్లో మగవాళ్లు ఏడ్చినప్పుడు జలుబు చేసిందంటారు కదా, వాడూ అదే అన్నాడు.

అక్షరా, నాకు సిగ్గేసింది. కాని కోపం రాలేదంటే అబద్ధం. ముక్కూ మొహం తెలియని ముగ్గురికి ఇంగ్లీషులో చెప్పుకున్నావు. పక్క గదిలో ఉన్న నాకు తెలుగులో ఒక్క ముక్క చెప్పలేదు. ఇట్ల మూయకుండ ఉంచుతున్న అత్తమ్మా అంటే నేను తిట్టేదాన్నా? ఈ ప్రశ్నతో రోజంతా ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేశాను. సాయంత్రానికి జవాబు కూడా నాకే తోచింది. తిట్టేదాన్నే. పిచ్చి పనులు చేయకు, అశుభం అని నేనే సూది పట్టుకుని కూర్చునేదాన్ని.

పోయిన ఏడాది ఆషాఢంలో నీకు ఏడో నెలలో అట్లా అయినప్పుడు, ఆసుపత్రి నుంచి నువ్వు వచ్చేలోపు ఆ చిన్న గదిలో ఉయ్యాల కొక్కెం తీయించాను. నువ్వు గోడకు వేసిన బొమ్మల మీద సున్నం కొట్టించాను. కందుల సంచులు తెప్పించి గది నింపేయించాను. దుకాణంలో జాగా లేదన్నాను. జాగా ఉంది. నువ్వు తలుపు తీస్తే ఖాళీ గది కనబడి గుండె పగులుతుందని నా భయం. మళ్లీ అయితది బిడ్డా, మర్శిపో అని నీ తల నిమిరాను. ఆ మాట ఇంకెవరూ ఎత్తవద్దని అందరికీ చెప్పాను. నీకు కూడా చెప్పినట్టే అయిందని నాకు తట్టలేదు. నువ్వు అన్నది నిజం, నేను ఏదీ ఖాళీగా ఉండనివ్వను.

నిన్న మధ్యాహ్నం కుట్టు విప్పాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు. కత్తెర వాడలేదు, సూది మొనతో ఒక్కో కుట్టూ ఎత్తి దారం లాగాను. కళ్లు బాగానే కనిపించాయి, యోగేందర్‌తో అన్నది సాకు. లోపల గుంటను బ్రష్‌తో దులిపాను, చీమ అన్నది లేదు, ఎండలో పెట్టి మళ్లీ చూశాను. సూది పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగిలాయి. వాటిని ఆవిరి పట్టి గోటితో రుద్దితే కలిసిపోతాయి, ఆ పని నువ్వే చెయ్యి, నా చెయ్యి ఇంక పెట్టను. కుంకుమ బొట్టు కూడా పెట్టలేదు. పెట్టాలని ఎంత అనిపించిందో నాకే తెలుసు.

రేపు యోగేందర్ సెలవు పెట్టి పొద్దున బస్సుకు బొంత తీసుకుని నీ దగ్గరికి వస్తాడు. వచ్చే వారంలోగా వాళ్లకు చేరాలట, నువ్వు అక్కడి నుంచే పంపించు. ఆ షైనీకి ఏం చెప్పాలో నాకు తెలియదు. మా అత్త ముసలిది, రివాజు పిచ్చి అని చెప్పు, నా మీద పెట్టేయి. నేను బెంగుళూరు వెళ్లి ఆమెకు ఎదురు పడేది లేదు కదా. ఇంత చేసినా వాళ్లు తీసుకుంటారో లేదో అని దిగులుగానే ఉంది. తీసుకోకపోతే నీ మొహం ఎట్లా చూడాలో నాకు తెలియదు.

ఆ చిన్న గది కూడా ఖాళీ చేయించాను. మీ మామయ్య సణుగుతూనే ఉన్నాడు, సంచులు ఇప్పుడు వరండాలో ఉన్నాయి, వచ్చినవాళ్లు పక్కకు తిరిగి నడుస్తున్నారు. గది ఊడ్చాక ఒక కుర్చీ వేశాను. కాసేపటికి పోయి ఆ కుర్చీ కూడా తీసేశాను. నువ్వు వచ్చి ఏం చేసుకుంటావో చేసుకో, ఏమీ చేయకుండా తలుపేసి ఉంచుకున్నా సరే. రమ్మని పిలవడానికి ఇది రాయడం లేదు. పిలిస్తే నువ్వు రావాలా వద్దా అని ఇంకో బరువు నీ మీద పడుతుంది. యోగేందర్‌తో మాత్రం రెండు మాటలు మాట్లాడు, వాడు ఏ తప్పూ చేయలేదు.

ఈ కవరు అంటించి ఇస్తున్నాను, వాడు దారిలో చదవకూడదు. చదివినట్టు అనిపిస్తే నాకు చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపమూ నీ మీద ప్రేమా రెండూ తగ్గని
మీ అత్త,
సుమిత్రాబాయి.

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. పైన రాసినదంతా నిజమే, కాని అంతా రాయలేదు.

ఆ జాగాలో పోలె ముక్క ఒక్కటే పెట్టానని నీకు చెప్పాను, అందరికీ చెప్పాను. రాచమ్మ వెళ్లిపోయాక మూయడానికి కూర్చున్నప్పుడు, పోలె ముక్క కింద ఒక కుల్లాయి కూడా మడిచి పెట్టాను. పసిపిల్ల తలకు తొడిగేది, పచ్చటిది, నా పిడికిలిలో పట్టేంత. యోగేందర్‌కు ముందు నాకు ఒక ఆడపిల్ల పుట్టింది. పురుడు తీరకముందే పోయింది. పేరు పెట్టలేదు కాబట్టి దాన్ని తలుచుకోవడానికి ఈ ఇంట్లో ఒక మాటంటూ లేకుండా పోయింది. మళ్లీ అయితది, మర్శిపో అని మా అత్తగారు నా తల నిమిరింది. మళ్లీ అయింది కూడా, యోగేందర్ పుట్టాడు. నేను మరిచిపోలేదు. దాని బట్టలన్నీ ఇచ్చేశారు, కుల్లాయి ఒక్కటి నా చీరల మడతల్లో దాచుకున్నాను. ఎప్పుడైనా తీసి చూసుకునేదాన్ని, దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం ఇన్నేళ్లయినా తోచలేదు.

నీ బొంతలో ఆ జాగా చూడగానే తోచింది. పెద్ద హాలులో వేలాడుతుంది, జనం వచ్చి నిలబడి చూస్తారు, లోపల అది ఉందని ఎవరికీ తెలియదు, నాకు తెలిస్తే చాలు అనుకున్నాను. ఫ్రీజర్‌లో పెట్టారంటే అరిచింది అందుకే. యోగేందర్ కత్తెర తెస్తే బొంత మీద కూర్చున్నది అందుకే. ఆ జాగాలో నీ బిడ్డ ఉందని తెలిసి ఉంటే పెట్టేదాన్ని కాదు అక్షరా, ఒట్టు.

నిన్న తీసి ఉతికి ఆరేశాను. మళ్లీ నా దగ్గరే పెట్టుకున్నాను. బిడ్డ సంగతి మీ మామయ్యకు తెలుసు, కుల్లాయి సంగతి తెలియదు. యోగేందర్‌కు రెండూ తెలియవు. ఇంతవరకు దాన్ని ఎవరికీ చూపించలేదు. నీకు చూపించాలని ఉంది.